వాల్వు తిప్పి తెప్పించిన వాన

మా బాపుకు కప్పల మీద ఉన్న నమ్మకం నా మీద ఉండేది కాదు. బాధపడి అంటున్న మాట కాదిది, ఉన్న మాటే. నేను "ఇయ్యాల వాన పడేటట్టున్నది బాపు" అంటే తల ఎత్తి మొగులు వైపు కూడా చూసేవాడు కాదు. అదే వాగు గుంటలో ఒక బోదురు కప్ప బొంగురు గొంతు సవరించుకుందంటే చాలు, లేచి నిలబడి తువ్వాల దులిపి భుజాన వేసుకునేవాడు. ఆ నమ్మకాన్ని చెడగొట్టింది నేను. ఇన్నేళ్లూ ఆ తప్పును ఎవరి మీదికైనా నెట్టేద్దామని చూశాను. కంపెనీ మీదికి, కాలం మీదికి, మారిన రోజుల మీదికి. ఎక్కడా అతకలేదు. వాల్వు తిప్పిన చెయ్యి నాదే.

మాది గోదావరిఖని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. బాపు బాయిలో కోల్ ఫిల్లర్. ముప్పై ఏళ్లు భూమి కింద టబ్బుల్లోకి బొగ్గు ఎత్తిపోసి, చివరికి ఊపిరి ఆడక అన్‌ఫిట్ అయ్యి, ఆ నౌకరీ నాకు ఇప్పించాడు. నాకు భూమి కిందికి పోయే రాత లేకపోయింది. ఓపెన్‌కాస్టులో పంపు ఆపరేటర్‌గా వేశారు. ఊరంత గొయ్యి తవ్వి బొగ్గు తీస్తుంటే చుట్టుపక్కల భూమిలోని ఊట అంతా గొయ్యి అడుగుకు చేరుతుంది. అక్కడ నిలిచే మడుగును సంపు అంటాం. ఆ నీళ్లను పైపుల్లో పైకి తోడిపోయడమే నా డ్యూటీ. మా నాయిన బొగ్గు మోశాడు, నేను నీళ్లు మోశానని చెప్పుకునేవాణ్ని. నీళ్లను నేను మోసిందేమీ లేదు లెండి, స్విచ్ వేసి బల్ల మీద కూర్చోవడమే.

బాపు కప్పల పిచ్చి బాయిలోనే మొదలైందట. వానాకాలం నీళ్లతో పాటు కప్పలు కూడా జారి కిందికి వచ్చేవి. చీకట్లో ఎటు పోవాలో తెలియక టబ్బుల పట్టాల మధ్య కూర్చునేవి. టబ్బు కింద పడి నలిగిపోతుంటే చూడలేక ఆయన వాటిని పట్టి, తిన్న టిఫిన్ డబ్బా కడిగి, అందులో వేసుకుని షిఫ్టు అయ్యాక పైకి తెచ్చేవాడు. తోటి ఫిల్లర్లు "ఏందిరా, ఇంటికి కూర తీస్కపోతున్నవా?" అని ఎగతాళి చేసేవాళ్లు. వచ్చే దారిలో గోదావరిలో స్నానానికి దిగినప్పుడు ఇసుక పక్కన చెలిమెలో వదిలేవాడు. గోదావరి ఒడ్డున ఉండే సన్న కప్పలు వేరు. మనం అడుగు వేస్తే చాలు, నీళ్ల మీదే టపటపా దుంకుతూ పోతాయి. బాయి నుంచి వచ్చిన కప్ప మాత్రం ఎండను చూసి కాసేపు కళ్లు మూసుకుని అలాగే కూర్చునేదట. "నా లెక్కనే," అనేవాడు బాపు నవ్వుతూ.

అన్‌ఫిట్ అయ్యాక ఆయన లోకమంతా కమాన్‌పూర్ దిక్కు వాగు ఒడ్డున ఉన్న మా ఎకరం పొలమే. అక్కడ మాకు ఇల్లు లేదు. కంపెనీ క్వార్టర్లో నాతో, నా భార్యతో ఉంటూ పొద్దున్నే ఆటో ఎక్కి పోయి, పొద్దుగూకేసరికి తిరిగి వచ్చేవాడు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, ఆయనతో పాటే పోయేది. విత్తనం దాచేది ఆమే, నాటు వేసేది ఆమే, కలుపు తీసేది ఆమే. బాపు గట్టు మీద కూర్చుని దగ్గుతూ పెత్తనం చేసేవాడు.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు, కార్తీకంలో, అవ్వ చనిపోయింది. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు దవాఖానలోనే పోయింది. ఆమె పోయిన రెండు నెలలకే మా పొలం ఓపెన్‌కాస్టు కింద పోతుందని నోటీసు వచ్చింది. సంతకం పెట్టమన్నారు. బాపు పెట్టనన్నాడు. పెట్టనంటే అసలే పెట్టనని కాదు, ఒక్క పంట తీసుకుంటానన్నాడు.

"మీ అవ్వ ఇత్తునం కుండల పోసి, వేపాకు ఏసి, మూతి కట్టి పెట్టిపోయింది. ఆ ఇత్తునం ఇగ ఎక్కడ దొరకదు. ఆ వడ్లు పండించి, ఆ బియ్యంతోని ఆమె ఏడాది పెడ్త. గంతే. తెల్లారి మీ కంపెనీ కాయితం మీద ఏలు ఏస్త," అన్నాడు నాతో.

ఏడాది పెట్టడమంటే చనిపోయినవాళ్లకు ఏడాది తిరిగినాడు అన్నం వండి పెట్టడం. ఆఫీసువాళ్లు కూడా మనుషులే, కార్తీకం దాటేదాకా ఆగుతామన్నారు. అంటే ఒక్క కారు పంట, ఒక్క కుండెడు విత్తనం. ఆ కుండ అయిపోతే మళ్లీ పోసుకోవడానికి విత్తనమూ లేదు, గడువూ లేదు.

నాకు మాత్రం తొందరగా ఉండేది. ముందు సంతకం పెట్టినవాళ్లకు కొత్త కాలనీలో రోడ్డు పక్క ప్లాటు దొరుకుతుందని పుకారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ ప్లాటులో ముందు దుకాణం షట్టరు ఎటు పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను. ఇది దాచి చెబితే కథ అంతా బాపు మీద ప్రేమతోనే చేసినట్టు ఉంటుంది. ప్రేమ ఉండింది. దాని వెనకాల షట్టరు కూడా ఉండింది.

ఆ ఏడు మిర్గం వచ్చింది, వాన రాలేదు. మిర్గం అంటే మృగశిర కార్తె. అప్పటికల్లా వాగు గుంట నిండి, బోదురు కప్పలు మట్టిలోంచి లేచి రావాలి. మూడు రోజులు వరుసగా అవి అరిస్తే తప్ప బాపు నారు పోయడు. ఇది ఆయన తాతల నాటి లెక్క. కప్ప గుడ్లు పెట్టిందంటే పిల్లలు నడిచి ఒడ్డెక్కేదాకా నీళ్లుంటాయని దానికి తెలుసు, దానికి తెలిసినంత మనకు తెలియదు అనేవాడు. రోజూ పోయి ఎండిన గుంట పక్కన కూర్చుని వచ్చేవాడు. ఇంటికి వచ్చి రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. నా భార్య "మామా, గిట్ల తినకపోతే ఎట్ల?" అంటే, "ఆకలైతలేదు బిడ్డా" అనేవాడు.

నేను ఒకనాడు ధైర్యం చేసి అన్నాను. "బాపు, మా సంపు నిండ నీళ్లున్నయ్. పాత పైపు ఒకటి మన వాగు దిక్కే పోతది. పెద్దసారును అడిగి రెండు రోజులు ఇడిపిస్త. నారు పోసుకో."

అంత కోపం ఆయనలో మళ్లీ ఎప్పుడూ చూడలేదు. "థూ! మీ అవ్వ ముప్పై ఏండ్లు నా బొగ్గు బట్టలు ఉతికింది. చేతులు పగిలి రక్తాలు కారినయ్. సచ్చినంక ఆమెకు పెట్టే బువ్వ గూడ బాయి నీళ్లతోనేనారా? సిగ్గుండాలె," అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది. ముగిసిందని ఆయన అనుకున్నాడు.

ఆ వారంలోనే మా క్వార్టర్ల ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. వానలు రాకపోతే మా దిక్కున ఇది మామూలే. ఒక కప్పను పట్టి, తడిబట్టలో వేపాకులతో పాటు రోకలికి కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ పాట పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు. ఇంటివాళ్లు కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తారు. మా ఇంటి ముందు ఆగినప్పుడు బాపు నీళ్లు పోసి, ఊరుకోకుండా బట్ట కొద్దిగా తొలగించి కప్పను చూశాడు.

"ఎక్కడ పట్టిండ్రే దీన్ని?"

"నల్లా కాడి మోరీల, కాక."

బాపు పకపకా నవ్వాడు. అవ్వ పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. "ఓ పిచ్చి పొల్లలారా! ఇది మోరీ కప్ప. దీనికి వానతోని ఏం పని? నల్లా తిప్పితే అరుస్తది, బంద్ జేస్తె ఊకుంటది. ఇది మొగులును ఏం పిలుస్తదే?" అన్నాడు. ఆడవాళ్లు కూడా నవ్వారు. "పాపం, రోడ్డు మీద ఇడువకుండ్రి, మోరీలనే ఇడువుండ్రి," అని చెప్పి పంపాడు.

ఆ నవ్వులో అందరూ తమాషా విన్నారు. నేను మాత్రం పద్ధతి విన్నాను. నల్లా తిప్పితే అరుస్తుంది. వాల్వు తిప్పినా అరుస్తుంది కదా! బాపు నీళ్లు వద్దన్నాడు. కప్పల మాట వద్దనడు కదా! వారం పది రోజుల్లో ఎలాగూ వానలు పడతాయి, అప్పటికి నారు మొలిచి ఉంటుంది, ఆయన మొహంలో కళ ఉంటుంది, పంట ముందుగా చేతికొస్తుంది, సంతకం ముందుగా పడుతుంది. లెక్క ఎంత బాగా కుదిరిందో! నా తెలివికి నాకే ముచ్చటేసింది. తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు ఫస్టు షిఫ్టులో ఎవరికీ చెప్పకుండా పాత పైపు వాల్వు తిప్పాను. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, రెంచీకి గొట్టం తొడిగి వేలాడితే తప్ప కదల్లేదు. నా తర్వాత షిఫ్టుకు వచ్చే ఆపరేటర్ ముస్లిం, నాకంటే పెద్దవాడు, అందరం భాయ్ అనేవాళ్లం. ఆయనతో మాత్రం "జర అట్లనే ఉండనీ భాయ్, బాపు కోసం" అన్నాను. "బాపు కోసమైతే ఫికర్ ఎందుకు" అని ఆయనా ఊరుకున్నాడు. మూడు రోజులు నీళ్లు పోయాయి. ఎండిన వాగు మట్టిని, ఆకులను, చెత్తను తోసుకుంటూ ఎర్రగా, నురగలు కక్కుతూ అచ్చం కొత్త వరద లాగే పోయాయి. పైగా నా కర్మకు రెండో రోజు సాయంత్రం ఒక నాలుగు చినుకులు కూడా పడ్డాయి.

ఆ సాయంత్రం బాపు ఆటో దిగి నడిచి రాలేదు, దాదాపు ఉరికి వచ్చాడు. ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడి, "వాగు వచ్చిందిరా!" అన్నాడు. "గుంట సగం నిండింది. రెండు లేసినయ్. మీదికెల్లి ఎక్కడన్న పడ్డదా వాన? నీకేమన్న ఎరుకేనా?"

"పడ్డట్టున్నది బాపు. డ్యూటీల అనుకుంటున్నరు," అన్నాను.

అది చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. దాన్ని ఆపుకోవడానికి మాత్రం ఇప్పటికీ నిద్ర మధ్యలో నోరు మూసుకుంటుంటాను.

మూడో రోజు నాకు వారపు సెలవు. నన్నూ, నా భార్యనూ వెంట తీసుకుపోయాడు చూపించడానికి. పొద్దున తొమ్మిదింటికే గుంటలో జాతర నడుస్తోంది. బోదురు కప్పలు మామూలుగా మట్టిరంగులో ఉంటాయి, కొత్త నీళ్లు తగిలితే మగవి పచ్చగా మారిపోతాయి. పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు పసుపుపచ్చ. గొంతుకు రెండు పక్కలా నీలిరంగు తిత్తులు ఉబ్బుతాయి. యాభై దాకా ఉన్నాయేమో. ఒకదాని మీద ఒకటి ఎగబడుతూ, తోసుకుంటూ, నీళ్లను చిలుకుతూ అరుస్తున్నాయి. పక్కన మనిషి మాట్లాడితే వినబడదు. బాపు కళ్లల్లో పొర వచ్చి చూపు మందగించింది, మనుషుల మొహాలు సరిగ్గా ఆనవు. ఆ పసుపు మాత్రం ఆనింది. "పచ్చగ కనవడుతున్నయే! సూడు సూడు!" అని నా భార్య చెయ్యి పట్టుకుని చూపిస్తున్నాడు. నేను గట్టు మీద నిలబడి వాటిని చూశాను. అవన్నీ నా మాట నమ్మి వచ్చినవే.

ఒక్కటే భయంగా ఉండింది, ఆయన ఆ నీళ్లు నోట్లో పోసుకుంటాడేమోనని. ముప్పై ఏళ్లు బాయిలో ఊట తాగినవాడు, ఒక్క గుక్కతో పట్టేసేవాడు. పోసుకోలేదు. కప్పలు చెప్పాక ఇక రుచి చూసి తెలుసుకోవాల్సిందేముంది?

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎప్పుడు నారు పోసినా విత్తనంలో సగమే నానబెట్టి మొలక కట్టేవాడు. వాన మోసం చేస్తే మళ్లీ పోయడానికి సగం ఉంచేవాడు. ఆ రోజు ఇంటికొచ్చి కుండ మూతి విప్పి మొత్తం బొర్లించాడు. నా భార్య చూసి, "మామా, సగం ఉంచవా?" అంది.

"ఇంతగనం అరిసినంక గూడ అనుమానమా బిడ్డా? నా జిందగీల గింత అరుపు ఇనలే. మీ అత్తనే పంపింది వాటిని."

నేను అక్కడే ఉన్నాను. "ఉంచుదాం బాపు" అంటే చాలు, రెండే మాటలు. ఎందుకురా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, తేలు కుట్టిన దొంగలా గోనెసంచి అంచు పట్టుకుని నిలబడ్డాను. మూడు రోజులూ కప్పల అరుపు ఆగలేదు, ఆ తర్వాత మొలకెత్తిన విత్తనం తీసుకుపోయి నారుమడిలో చల్లాడు. ఒక్క గింజ మిగల్చలేదు.

వాన రాకపోతే మళ్లీ తిప్పుకోవచ్చులే అని వాల్వు నాలుగో రోజే కట్టేశాను. విత్తనం చల్లిన ఎనిమిది రోజులకు నేను డ్యూటీకి పోయేసరికి భాయ్ ఎదురొచ్చాడు. "అరె భాయ్, నీ పాత పైపు తీస్కపోయిండ్రు. డంపర్ల కోసం కొత్త రోడ్డు ఏస్తున్నరు గద, అడ్డమొచ్చిందని కోసేసిండ్రు. బాపు పొలం సంగతేంది?" అన్నాడు. నేను పరుగెత్తుకుని పోయి చూశాను. పైపు ఉన్న చోట మట్టి చదును చేసి ఉంది. ఎవరిని అడగను? అడిగితే అసలు ఎవడు తిప్పమన్నాడని నన్నే అడుగుతారు. చేతులు ఊపుకుంటూ తిరిగి వచ్చాను.

వాన మాత్రం రాలేదు. ఆరుద్ర కార్తె అంతా ఎండే. గుంటలో సగ్గుబియ్యం పాయసంలా తేలిన కప్పగుడ్లన్నీ పగిలి నల్లటి తోకకప్పలయ్యాయి. కాళ్లు రాని కప్ప పిల్లలు, వేలకు వేలు. నీళ్లు రోజూ రెండు వేళ్లంత తగ్గుతుంటే అవి మధ్యకు మధ్యకు జరిగి కుప్పగా అయ్యాయి. ఇటు నారు కూడా కొసలు ఎండి పండుబారింది. బాపు ఊళ్లోంచి పాత సైకిలు ఒకటి అడిగి తెచ్చుకుని, బోరింగు కొట్టి, రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్లు వేసుకుని తోసుకుంటూ వచ్చేవాడు. బోరింగు నీళ్లకు ఆయనకు అభ్యంతరం లేదు, అది ఊరి నీరు. అన్‌ఫిట్ అయిన మనిషి! పది అడుగులకోసారి ఆగి దగ్గేవాడు. సెలవు పెట్టి నేనూ తోశాను. మా ఇద్దరం కలిసి తోసినా ఎకరానికి సరిపోయే నారుమడి తడవడం లేదు.

ఆయన చేసిన పని చూసి నాకు మతి పోయింది. ఒక డబ్బా నారుకు పోసేవాడు, ఇంకో డబ్బా గుంటలో పోసేవాడు.

"బాపు! నారుకే చాలుత లేవు నీళ్లు. కప్పలకెందుకు?" అని అరిచాను.

"అరె, అవి గూడ నా లెక్కనే నమ్మినయ్ గదరా," అన్నాడు. "వాన వస్తదనే గద పెట్టినయ్ పిల్లల్ని. నేను వాటిని నమ్మిన. అవి ఎవన్ని నమ్మినయో!"

ఆ 'ఎవన్ని' అన్నప్పుడు ఆయన మొగులు వైపు చూశాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ నిజం దేవుడికే కాదు, నా భార్యకు కూడా తెలుసు. పైపు పోయిన రోజు ఆమెకు చెప్పేశాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "పోయి ఆయన కాళ్ల మీద పడు. తిడుతడు, కొడుతడు, మర్నాడు లేసి అన్నం తింటడు. గిట్ల మాత్రం చెయ్యకు," అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. రేపు చెబుతానన్నాను. అలాంటి రేపులు చాలా గడిచాయి.

నాలుగో వారం గుంట అడుగు పగిలింది. కొంగలు వచ్చి ఒడ్డున నిలబడ్డాయి. బాపు ఒక పూటంతా కట్టె పట్టుకుని వాటిని వెళ్లగొట్టాడు. రెండో పూట కట్టె పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నారు గడ్డిలా గలగలమంటోంది. గుంటలో మిగిలిన తడి బురదలో తోకకప్పలు కదులుతూ, కదలడం తగ్గిస్తూ, మధ్యాహ్నానికి ఆగిపోయాయి. బాపు ఏడవలేదు. సైకిలు ఎవరిదో వాళ్లకు అప్పజెప్పి ఆటో ఎక్కాడు.

పునర్వసు చివర్లో వాన పడింది, ఆపకుండా నాలుగు రోజులు. నేను పెద్దపల్లికి ఉరికి, దుకాణంలో తొందరగా పండే రకం విత్తనాల సంచి తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇప్పటికైన పోస్తె పంట చేతికొస్తది బాపు."

సంచి మీద చెయ్యి వేసి తడిమి చూశాడు. "మంచి ఇత్తునమే. కని మీ అవ్వ ముట్టింది కాదు గదరా," అన్నాడు. మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి, ఎవరూ అడగకముందే వేలు చాపి సిరా పూయించుకున్నాడు. రోడ్డు పక్క ప్లాటు అడుగుదామా అనుకున్నాను. నోరు రాలేదు. వెనక వరసలో ఇచ్చారు, తీసుకున్నాం. తెలంగాణ వచ్చిన ఏడు మా పొలం ఉన్న చోటు ఓపెన్‌కాస్టులో కలిసి వంద అడుగుల లోతు గొయ్యి అయ్యింది. సంపు అక్కడికే జరిగింది. ఆ గట్టు ఉన్న చోట నీళ్లను నేనే తోడాను.

వేలిముద్ర వేసిన తర్వాత వారం రోజులకు బాపు దవాఖానకు పోదామన్నాడు. దగ్గుకేమో అనుకున్నాను. చెవులు చూపించుకోవాలట. "బాయిల బండలు పేల్చి పేల్చి చెవులు పోయినట్టున్నయ్. రెండు కప్పలు అరిస్తె నాకు వంద లెక్క ఇనవడ్డదేమో. లేకుంటె కప్ప మోసం జేసుడేందిరా? ఎన్నడన్న ఇన్నవా?" అన్నాడు. లోపల డాక్టరు మిషను పెట్టి అరగంట పరీక్ష చేశాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ అరగంటలో ఎన్నిసార్లు లేచి తలుపు దాకా పోయానో! బయటికి వచ్చి, "ఈ వయసుకు మంచిగనే ఉన్నయంటున్నడు. ఆయన మిషన్ల ఏదో ఫరక్ ఉన్నది," అన్నాడు. ఆటోలో దారి పొడుగునా కుడిచెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూనే ఉన్నాడు.

కార్తీకంలో అవ్వ ఏడాది వచ్చింది. గోదావరి ఒడ్డున పెట్టాం. దుకాణంలో కొన్న సన్నబియ్యంతో నా భార్య అన్నం వండింది. విస్తరి పట్టుకుపోయి ఇసుకలో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టడమంటారు మా దగ్గర. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కొరత మిగిలిందని, కోపంగా ఉన్నారని అర్థం. విస్తరి నేను పెట్టబోతే బాపు ఆగమని చెయ్యి చూపించి, అన్నం ముందు వంగి అవ్వతో మాట్లాడాడు. చుట్టూ చుట్టాలున్నా గొంతు తగ్గించలేదు.

"నీ ఇత్తునం పాడు జేసిన. నాకు ఇనుడు రాలె. సగం ఉంచుకోవాలన్న తెలివి గూడ లేకపాయె. దుకాణం బియ్యం తెచ్చిన. తప్పు నాదే, పోరనిది కాదు. వాని మీద కోపం పెట్టుకోకు."

విస్తరి పెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డాను. కాకి రావద్దని దండం పెట్టుకున్నాను. నిజంగానే పెట్టుకున్నాను. అవ్వకు అంతా తెలిసి ఉంటుంది, ముట్టనివ్వదు, అప్పుడు అందరూ ఎందుకని అడుగుతారు, నేను చెప్పక తప్పదు. గోదావరి వైపు చూస్తూ నిలబడ్డాను. అంతలోనే రెండు కాకులు వాలాయి. మామూలుగా గంట సేపు బతిమాలించుకునేవి, ఆ రోజు వస్తూనే ముద్ద చెదరగొట్టి తిన్నాయి.

బాపు నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. "సూసినవా కొడకా? ముట్టింది. మీ అవ్వకు నా మీద కోపం లేదురా."

"లేదు బాపు," అన్నాను.

ఆయన ఇంకో రెండేళ్లు బతికాడు. మా క్వార్టర్ వెనక వాన నీళ్లు నిలిచే పల్లం ఒకటి ఉండేది. వాన పడిన సాయంత్రం అక్కడ కప్పలు మొదలుపెట్టేవి. బాపు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, "ఊకెనే అరుస్తయ్ అవి, జర కిటికీ పెట్టు కొడకా" అనేవాడు. నేను లేచి కిటికీ మూసేవాణ్ని.